ఆయన డ్యూటీలో, మనం ఇంట్లో: ట్రైనింగ్ నుంచి యూఎన్ మిషన్ దాకా ఫౌజీ ఇంటివాళ్లకు సమగ్ర మార్గదర్శి

పెళ్లయి మొదటిసారి ఫ్యామిలీ క్వార్టర్‌లో దిగిన వారంలోనే పక్క క్వార్టర్ కర్నూలు అక్క నన్నొక మాట అడిగింది. "మీ ఆయన ఫోన్ ఎన్ని రోజులు రాకపోతే నువ్వు కంగారు పడాలో ఇద్దరూ ఎప్పుడైనా మాట్లాడుకున్నారా?" లేదన్నాను. "అయితే ముందు ఆ పని చెయ్యి, గిన్నెలు తర్వాత సర్దుకోవచ్చు" అంది. అప్పుడు వింతగా అనిపించింది. రెండేళ్ల తర్వాత ఆయన పేరు యూఎన్ (ఐక్యరాజ్యసమితి) శాంతి మిషన్ లిస్టులో వచ్చింది. ఆ ఏడాదంతా నేను తిండి తిని, నిద్రపోయి, పిల్లని బడికి పంపగలిగానంటే అక్క అడిగిన ఆ మాటే కారణం.

ఫౌజీని (సైనికుణ్ణి) చేసుకున్నవాళ్ల కోసం, చేసుకోబోతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. భార్యే ఆర్మీలో ఉండి భర్త ఇంటిపట్టున ఉంటే కూడా ఇందులో చాలావరకు అలాగే పనికొస్తుంది.

1. ట్రైనింగ్ నెలలు

ముందు లెక్క తెలుసుకోండి. 2022 జూన్‌లో అగ్నిపథ్ ప్రకటించాక జవాన్లుగా చేరేవాళ్లు అగ్నివీరులుగానే చేరుతున్నారు. నాలుగేళ్ల సర్వీసు. చేరేటప్పటికి పెళ్లి అయి ఉండకూడదు, ఆ నాలుగేళ్లలో చేసుకోకూడదు. బ్యాచ్‌లో 25 శాతం వరకు రెగ్యులర్‌గా తీసుకుంటామని స్కీం ప్రకటించినప్పుడు చెప్పారు. మీరు ఎదురుచూస్తున్నది అగ్నివీర్ కోసమైతే ఈ సంగతులన్నీ రెండిళ్ల పెద్దల ముందు పెట్టి మాట్లాడుకోండి. గుళ్లో గుట్టుగా తాళి కట్టించుకుని తర్వాత చూసుకుందాం అనుకోవద్దు, ఆయన ఉద్యోగానికే ఎసరు వస్తుంది. ఆఫీసర్ ఎంట్రీ అయితే షార్ట్ సర్వీస్ వాళ్లకి చెన్నై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో 49 వారాలు. డెహ్రాడూన్ ఐఎంఏలో (ఇండియన్ మిలిటరీ అకాడమీలో) అయితే ఎంట్రీని బట్టి ఏడాది నుంచి ఏడాదిన్నర.

మొదటి వారాల్లో ఫోన్ చేతికి రాదు. వచ్చినా ఆదివారం ఓ పది నిమిషాలు, వెనక ఇంకో నలుగురు వరుసలో నిలబడి ఉంటారు. ఆ పది నిమిషాల్లో ఆయన మీ మీద విరుచుకుపడవచ్చు, లేదా ఏమీ మాట్లాడకపోవచ్చు. పొద్దున పీటీ, తర్వాత డ్రిల్, మధ్యలో ఎవరో ఒకరి తప్పుకి అందరికీ రగ్డా (ఒళ్లు హూనమయ్యే శిక్ష), ట్రైనింగ్ ఇచ్చే ఉస్తాద్ కేకలు. మనిషి అలసిపోయి ఉంటాడు. "నీవల్ల కాకపోతే వచ్చెయ్" అని మాత్రం అనకండి. ప్రేమతోనే అంటాం, కానీ ఆ రాత్రి ఆయన బుర్రలో తిరిగేది ఆ మాటే. "ఎందుకు ఫోన్ చెయ్యలేదు?" అని మొదలుపెట్టకండి. కాళ్లెలా ఉన్నాయి, నిద్ర పడుతోందా, ఈ వారం కొత్తగా ఏం నేర్పారు అని అడగండి. మిగతాది ఆయనే చెబుతాడు.

కాళ్ల సంగతి ఊరికే అనలేదు. ఒక్కసారిగా పరుగులు, బరువులు ఎక్కువైతే పిక్క ముందున్న ఎముకలోనో పాదంలోనో సన్నటి పగులు వస్తుంది. స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. ఒకేచోట వేలుపెట్టి చూపించగలిగే నొప్పి, పరిగెత్తితే పెరుగుతుంది, మొదట్లో కూర్చుంటే తగ్గుతుంది. చాలామంది కుర్రాళ్లు దీన్ని దాచిపెడతారు, ఎందుకంటే ట్రైనింగ్ మిస్సయితే రిలిగేషన్ అవుతుందని, అంటే వెనక బ్యాచ్‌లో కలిపేస్తారని భయం. దాచిన పగులు పెద్దదైతే నెలలు పోతాయి. "ఎంఐ రూమ్‌కి (అక్కడి వైద్యశాలకి) వెళ్లి చూపించుకో, వెనక బ్యాచ్‌లో పడితే పడ్డావు, నేను ఇంకో ఆర్నెల్లు ఆగుతాను" అని మీ నోటితో చెప్పండి. ఇంట్లోవాళ్ల ముందు పరువు పోతుందన్న భయమే చాలావరకు నొప్పిని దాపెట్టిస్తుంది.

ఉత్తరాలు రాయండి. ఫోన్ పది నిమిషాల్లో అయిపోతుంది, ఉత్తరం ట్రంకులో ఉంటుంది. పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు. పెరట్లో జామచెట్టు ఈసారి కాసిందని, మామయ్య కొత్త కళ్లజోడు పెట్టుకుని పేపరు తిరగేసి చదివాడని, ఇలాంటివి చాలు. మా ఆయన ట్రంకులో ఇప్పటికీ నేను రాసిన ఇన్‌లాండ్ కవరొకటి ఉంది, మడతల దగ్గర చిరిగిపోయి సెల్లోటేపు అంటించి. అందులో ఉన్నదల్లా మా వీధి కుక్క పిల్లల్ని పెట్టిన కబురు.

ట్రైనింగ్ ముగిశాక ప్రమాణం చేసే కసమ్ పరేడ్ రోజున వెళ్లే వీలుంటే వెళ్లండి. ఆ రోజు గౌరవ్ పదక్ అనే పతకం ఇస్తే అది తల్లిదండ్రుల మెడలోకి వెళ్తుంది. కాబోయే భార్యగా వెళ్తే ఆ రోజు వాళ్లదే అనుకుని ఒక అడుగు వెనక నిలబడండి, అత్తగారు జన్మంతా గుర్తుపెట్టుకుంటుంది. చెన్నై అకాడమీలో పాసింగ్ అవుట్ తర్వాత భుజాల మీద స్టార్లు పెట్టే పిప్పింగ్‌కి మాత్రం ఇంటివాళ్లే ముందుంటారు.

2. పెళ్లయ్యాక కాగితాలు: అన్నిటికన్నా ఎక్కువ ఓపిక ఇక్కడే పెట్టండి

సర్కారీ కాగితంలో మీరు ఆయన భార్య అయ్యేది పెళ్లి రోజున కాదు, యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డర్ (ఆయన సర్వీసు రికార్డులో పెళ్లిని ఎక్కించే ఉత్తర్వు) పడిన రోజున. డిపెండెంట్ కార్డు, మిలిటరీ హాస్పిటల్‌లో వైద్యం, క్యాంటీన్ కార్డు, క్వార్టర్, రేపెప్పుడైనా పెన్షన్, అన్నిటికీ మూలం ఆ ఆర్డరే. మ్యారేజ్ సర్టిఫికెట్, ఇద్దరి జాయింట్ ఫొటో, ఆధార్, పాన్, జాయింట్ బ్యాంకు ఖాతా వివరాలు ముందే సిద్ధం చేసుకుని ఆయన సెలవు అయిపోయి వెళ్లేటప్పుడు ఆ ఫైలు చేతికిచ్చి పంపండి. ఆలస్యమైతే ఎందుకు ఆలస్యమైందో చెప్పుకునే కాగితాలు అదనం.

మన తెలుగువాళ్లకి ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కుంది, ఇంటిపేరు. నా టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, మ్యారేజ్ సర్టిఫికెట్‌లో అత్తింటి పేరు. ఉత్తరాది క్లర్కు మొదటి ముక్క నా పేరనుకున్నాడు, చివరి ముక్క మా నాన్న పేరనుకున్నాడు. ఫైలు రెండుసార్లు తిరిగొచ్చింది. తప్పు ఎవరిదీ కాదు, నేనే ముందు సరిచూసుకోవాల్సింది. మీరు ఇలా చెయ్యండి: అన్ని కాగితాలూ నేల మీద పరిచి మీ పేరు, ఆయన పేరు, పుట్టిన తేదీ ఒక్కో అక్షరం పోల్చండి. ఏదో ఒక రూపం ఖాయం చేసుకుని ముందు ఆధార్, పాన్, బ్యాంకు ఆ రూపంలోకి మార్పించండి. "లక్ష్మి", "మహాలక్ష్మి" ఇద్దరూ ఒక్కరే అని అఫిడవిట్ పట్టుకుని తిరగడం కన్నా ఇదే తేలిక. బిడ్డ పుట్టినప్పుడు బర్త్ సర్టిఫికెట్‌లో కూడా అదే రూపం రాయించండి, పుట్టుకకీ పార్ట్ టూ ఆర్డర్ పడాలి.

తర్వాత అడగాల్సినవి: కిండ్రెడ్ రోల్‌లో (ఆయన కుటుంబ సభ్యుల జాబితాలో) మీ పేరు చేరిందా? ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఫండ్‌లో, ప్రావిడెంట్ ఫండ్‌లో నామినీ ఇంకా అత్తగారేనా, మార్చారా? పెళ్లికి ముందు రాసినవి అలాగే ఉండిపోవడం మామూలే. ఆర్మీలో చేరిన రోజున ఎవరైనా అమ్మ పేరే రాస్తారు. ఇందులో అత్తాకోడళ్ల పట్టింపులు తేవద్దు. అత్తమామలు ఆయన సంపాదన మీదే ఆధారపడి ఉంటే నామినేషన్‌లో వాళ్లకీ వాటా రాయించమని మీరే అనండి. అది న్యాయం, ఇంట్లో మనశ్శాంతి కూడా.

3. మిషన్ అంటే అసలేంటో తెలుసుకోండి

తెలియని దాని మీదే భయం పెరుగుతుంది. 1950లో కొరియాకి వైద్య దళాన్ని పంపిన నాటి నుంచి మన దేశం యాభైకి పైగా యూఎన్ మిషన్లలో పాల్గొంది, 2 లక్షల 90 వేలకి పైగా మంది వెళ్లొచ్చారు. దక్షిణ సూడాన్, కాంగో, లెబనాన్, గోలాన్ కొండలు, ఈ మధ్యకాలంలో మనవాళ్లు ఎక్కువగా వినే పేర్లు. లెబనాన్ మిషన్‌ని 2026 డిసెంబర్ 31తో ముగించాలని భద్రతా మండలి 2025 ఆగస్టులో నిర్ణయించింది. బెటాలియన్‌తో వెళ్లేవాళ్లకి సాధారణంగా ఏడాది. కుటుంబం వెంట వెళ్లడం ఉండదు.

ప్రమాదం లేదని చెప్పను. 1961లో కాంగోలో ప్రాణమిచ్చిన కెప్టెన్ గుర్బచన్ సింగ్ సలారియాకి పరమవీర చక్ర వచ్చింది. ఇప్పటిదాకా యూఎన్ డ్యూటీలో దాదాపు 180 మంది మనవాళ్లు చనిపోయారు. 2 లక్షల 90 వేలు, 180, ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. నేను అలాగే చూసుకున్నాను. భయం పోలేదు, దాని పరిమాణం తెలిసింది.

4. వెళ్లే ముందు నెల

ఈ నెల్లో ఆయన మెడికల్స్, టీకాలు, ట్రైనింగ్ అంటూ ఇంట్లో ఉన్నా లేనట్టే ఉంటాడు. ఆఫ్రికాకైతే ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి, దాని కార్డు కూడా జాగ్రత్త, తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో అడుగుతారు. ఆయన పని ఆయన చూసుకుంటాడు. మీరు పట్టుబట్టి చేయించాల్సినవి కొన్నున్నాయి.

ఓటీపీలు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, ఆయన వెళ్లిన మొదటి నెలలో మనల్ని ఏడిపించేది ఇదే. గ్యాస్, కరెంటు, పిల్లల స్కూలు ఫీజు, బ్యాంకు, ఇన్సూరెన్స్, దేనికి ఏ నంబరు లింకయిందో కూర్చుని రాయండి. మార్చగలిగినవన్నీ మీ నంబరుకి మార్చండి. ఆయన సొంత ఖాతాకి ఆయన నంబరే ఉండాలి కాబట్టి ఆ సిమ్ ఎక్కడుంటుంది, ఎవరు రీఛార్జ్ చేస్తారు అన్నది తేల్చుకోండి. 90 రోజులు అస్సలు వాడకపోతే నంబరు పోయే ప్రమాదముంది. ఇంటి ఖర్చులకి జాయింట్ ఖాతా "ఎయిదర్ ఆర్ సర్వైవర్" పద్ధతిలో ఉండాలి, అప్పుడు మీ ఒక్కరి సంతకం చాలు. పొలమో ఫ్లాటో అమ్మేదీ కొనేదీ ఉంటే వెళ్లేలోపు పవర్ ఆఫ్ అటార్నీ రిజిస్టర్ చేయించండి.

క్వార్టర్. ఆయన వెళ్లాక ఎక్కడుండాలన్నది ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి. ఫీల్డ్‌లో (కుటుంబాన్ని వెంట తీసుకెళ్లలేని పోస్టింగులో) ఉన్నవాళ్ల కుటుంబాలకి ఎస్ఎఫ్ క్వార్టర్లుంటాయి, అంటే సెపరేటెడ్ ఫ్యామిలీస్ కోసం. మిషన్‌కి మీకు వర్తిస్తుందా, వెయిటింగ్ ఎంత అని యూనిట్‌లో ముందే అడిగించండి. ఊళ్లో అత్తింట్లో ఉంటే తోడు దొరుకుతుంది. స్టేషన్‌లో (ఆర్మీ కుటుంబాలుండే కంటోన్మెంట్‌లో) ఉంటే మిలిటరీ హాస్పిటల్, ఆర్మీ స్కూలు, మన బాధ విడమర్చి చెప్పకుండానే అర్థమయ్యే ఆడవాళ్లు దొరుకుతారు. చంటిబిడ్డ ఉంటే పుట్టిల్లో అత్తిల్లో, బడికెళ్లే పిల్లలుంటే స్టేషన్, ఇది నా అభిప్రాయం.

నోట్‌బుక్. ఒక మామూలు రూళ్ల పుస్తకం. మొదటి పేజీలో ఆయన ఆర్మీ నంబరు, ర్యాంకు, యూనిట్, రికార్డ్ ఆఫీసు (ఆర్టిలరీ వాళ్లకి నాసిక్ రోడ్, ఈఎంఈ వాళ్లకి సికింద్రాబాద్, మద్రాస్ రెజిమెంట్ వాళ్లకి వెల్లింగ్టన్). రెండో పేజీలో యూనిట్‌లో వెనక ఉండిపోయే రియర్ పార్టీ నంబరు, సుబేదార్ మేజర్ సాబ్ నంబరు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం నంబరు. తర్వాత పాలసీలు, అప్పులు, ఎవరికి ఎంత ఇచ్చాం, ఎవరి దగ్గర ఎంత రావాలి. ఆయన చేతిరాతతోనే రాయించండి. పుస్తకం సంగతి మీకు కాక ఇంకొక్కరికి తెలిసుండాలి.

వీలునామా గురించి కూడా మాట్లాడుకోండి. మా ఇంట్లో ఈ మాట ఎత్తగానే అత్తయ్య "అపశకునం మాటలు ఇప్పుడెందుకే" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆయనే వెళ్లి పక్కన కూర్చుని, "అమ్మా, వానాకాలం రాకముందే ఇల్లు నేయించుకుంటాం కదా, ఇదీ అంతే" అన్నాడు. పది నిమిషాల్లో అయిపోయింది.

ఇక అక్క అడిగిన మాట. ఫోన్ రాని రోజుకి ముందే అర్థం చెప్పుకోండి. దక్షిణ సూడాన్‌లో వానలు మొదలైతే దారులు మూసుకుపోతాయి, లాంగ్ పెట్రోల్‌కి (దూరపు గస్తీకి) వెళ్తే రోజుల తరబడి క్యాంపుకి రారు, నెట్ పోతే అందరికీ ఒకేసారి పోతుంది. ఆయన చెప్పకూడని కారణాలూ ఉంటాయి. మేము రాసుకున్నదిది: నాలుగు రోజుల దాకా మామూలే. ఐదో రోజు నేను రియర్ పార్టీకి ఫోన్ చేసి "అందరూ బాగున్నారా" అని మాత్రమే అడుగుతాను. మాట్లాడే టైం లేకపోతే ఆయన వాట్సాప్‌లో ఒక చుక్క పెడతాడు, ఒకే ఒక్క చుక్క. నేనూ ఒక చుక్క పెట్టి ఊరుకుంటాను. చెడ్డ కబురేదైనా ఉంటే యూనిట్ నుంచే వస్తుంది, నెక్స్ట్ ఆఫ్ కిన్‌గా (దగ్గరి బంధువుగా) రాసిన నంబరుకి. ఆ నంబరు ఇప్పటిదేనా అని చూసుకోండి. మీ లెక్క మూడు రోజులు కావచ్చు, వారం కావచ్చు. ఎన్ని రోజులన్నది ముఖ్యం కాదు, ఇద్దరూ ఒప్పుకుని ఉండటం ముఖ్యం.

5. ఆయన లేని నెలలు

కాంగో తూర్పు వైపు, దక్షిణ సూడాన్ మనకన్నా మూడున్నర గంటలు వెనక. మనకి రాత్రి తొమ్మిదిన్నర అయితే అక్కడ సాయంత్రం ఆరు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఆ పదిహేను నిమిషాల ఫోన్ ఎవరికి ఎంత అన్నది గొడవవుతుంది. సిగ్గుపడకుండా పంచుకోండి. మా ఇంట్లో ఆదివారం అత్తయ్యది, నేను హలో కూడా అనను. బుధవారం నాది, గది తలుపు మూసుకుంటాను. ఇలా అనుకున్నాక అత్తయ్యే బుధవారం రాత్రి టీవీ సౌండు తగ్గించి పిల్లని తన పక్కలో పడుకోబెట్టుకునేది.

ఏ గొడవ చెప్పాలి, ఏది దాయాలి? చేయగలిగినది ఏమీ లేని చోట ఉన్న మనిషికి మోటారు కాలిపోయిందని ఏడుస్తూ చెబితే ఇద్దరికీ నిద్ర ఉండదు. బాగు చేయించాక చెప్పండి. కానీ తల్లి ఒంట్లో బాగోలేదని, బిడ్డ ఆసుపత్రిలో ఉందని దాచొద్దు. ఒకసారి దాచినట్టు తెలిస్తే ఆ తర్వాత మీరు "అంతా బాగుంది" అన్నా నమ్మడు.

వార్తల సంగతి. 2025 జనవరిలో కాంగోలోని గోమా నగరం తిరుగుబాటుదారుల చేతిలోకి వెళ్లినప్పుడు టీవీల్లో అవే పేలుళ్లు రోజంతా తిప్పితిప్పి చూపించారు. కాంగో మన దేశంలో మూడింట రెండొంతులకి పైగా ఉంటుంది. దక్షిణ సూడాన్ రాజధాని జుబాలో కాల్పులంటే అదే దేశంలో మలకాల్‌లో ఉన్న ఆయనకి 500 కిలోమీటర్ల పైన దూరం. ఒక మ్యాప్ కొని గోడకి అంటించండి, కానీ దాని మీద ఆయన క్యాంపు గుర్తు పెట్టకండి, ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టకండి. యూనిట్ పేరు, వెళ్లే తేదీ, వచ్చే తేదీ, యూనిఫాంలో వెనక బిల్డింగు కనిపించే ఫొటో, ఇవేవీ ఆన్‌లైన్‌లో వద్దు. 2020లో ఆర్మీ తన వాళ్లని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సహా 89 యాప్‌లు తీసేయమన్నది ఇలాంటి లీకుల భయంతోనే. పుట్టింటివాళ్లకి, మరదళ్లకి కూడా చెప్పండి. చాలాసార్లు ప్రేమతో పోస్టు పెట్టేది వాళ్లే.

మోసగాళ్లుంటారు. "మీ ఆయన సామాను కస్టమ్స్‌లో ఆగింది, డబ్బు పంపండి" అని అచ్చం ఆఫీసర్ గొంతుతో ఫోన్ రావచ్చు. ఇద్దరికీ మాత్రమే తెలిసిన ఒక ప్రశ్న పెట్టుకోండి. ఎవరు డబ్బడిగినా ఫోన్ పెట్టేసి నోట్‌బుక్ రెండో పేజీలో ఉన్న నంబరుకి మీరే చెయ్యండి.

చిన్నపిల్లలకి "నాన్న రేపొస్తాడు" అని చెప్పకండి. ఎన్ని ఆదివారాలో అన్ని గళ్లు గీసిన కాగితం బీరువాకి అంటించండి, తిరుగు తేదీ జరిగితే గళ్లు కలపండి. వెళ్లే ముందు ఆయన గొంతుతో కథలు రికార్డు చేయించండి.

మరి మీ సంగతి? నిద్ర పట్టకపోవడం, చీటికీ మాటికీ పిల్లల మీద అరవడం, తిండి సహించకపోవడం రెండు వారాలు దాటితే అది "మామూలు టెన్షన్" కాదు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. సైనికులకి, వాళ్ల కుటుంబాలకి పుణె ఏఎఫ్ఎంసీలో (సైనిక వైద్య కళాశాలలో) 2023 డిసెంబర్ నుంచి విడిగా ఒక టెలీ మానస్ సెల్ కూడా ఉంది. స్టేషన్‌లో ఉంటే ఆవా మీటింగులకి వెళ్లండి. 1966లో మొదలైన ఆర్మీ భార్యల సంఘం అది. మొదట్లో హిందీ రాక మూల కూర్చుంటాం, పర్వాలేదు, మూల కూర్చున్న ఇంకో తెలుగమ్మాయి కచ్చితంగా దొరుకుతుంది.

6. తిరిగొచ్చాక

అందరూ ఎయిర్‌పోర్టు దండల దాకానే ఆలోచిస్తారు. మా ఆయన వచ్చిన మొదటి రాత్రి మంచం అంచున, బూట్లు చేతికందేంత దూరంలో పెట్టుకుని పడుకున్నాడు. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి వరండాలో కూర్చున్నాడు. పాప మూడు రోజులు నా కొంగు వెనకే ఉంది. నేను ఏమీ అనలేదు, టీ ఇచ్చి పక్కన కూర్చున్నాను. నాలుగో రోజు పాప తనంతట తానే వెళ్లి ఆయన బూటు లేసు లాగింది.

మొదటి రెండు వారాలు చుట్టాల విందులు తగ్గించండి. ఇంటి పెత్తనం ఒక్కరోజులో ఆయనకి అప్పగించకండి, మీరే పట్టుకుని కూర్చోకండి. ఏడాదిగా మీరు చేసిన లెక్కలు నోట్‌బుక్ తెరిచి చూపించండి. "నువ్వు లేకుండా కూడా నడిచింది" అని వినిపిస్తే ఆయనకి గుచ్చుకుంటుంది. "ఇది ఇలా చేశాను, ఇకముందు ఎలా చేద్దాం?" అని అడగండి. మిషన్ డబ్బు మీద ఎదురుచూసే చుట్టాలుంటారు, మూడు నెలలు ఎవరికీ మాటివ్వద్దని ఇద్దరూ అనుకోండి.

ఉలిక్కిపడటం, కోపం, మందు ఎక్కువవడం నెల దాటినా తగ్గకపోతే యూనిట్ డాక్టర్‌కి చూపించమని అడగండి. ఒప్పుకోకపోతే పోట్లాడకుండా, "నాకు నిద్ర పట్టట్లేదు, నాతో రండి" అని మిలిటరీ హాస్పిటల్‌కి తీసుకెళ్లండి. నాకు తెలిసిన ఒకామె ఇలాగే తీసుకెళ్లింది.

ఇంకొకటి, జ్వరం. ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లకి మలేరియా మాత్రలు తిరిగొచ్చాక కూడా కొన్ని వారాలు వాడాల్సి ఉంటుంది. ఇంటికొచ్చాం కదా అని మానేస్తారు, డాక్టర్ చెప్పిన రోజుదాకా మీరే గుర్తుచేసి వేయించండి. వచ్చిన కొన్ని నెలల్లోపు ఎప్పుడు జ్వరం వచ్చినా పారాసిటమాల్ వేసి చూద్దాం అనుకోకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించండి, డాక్టర్ అడగకపోయినా "ఆయన ఆఫ్రికాలో ఏడాది ఉండి వచ్చారు" అని మీరే చెప్పండి. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరకి వెళ్లినా ఈ మాట చెప్పి, పెద్దాసుపత్రికి రాయించుకుని వెళ్లండి.